జంట సిలిండరుల పూర్వచరిత్ర

విజయవాడ ఆటోనగరునందుగాని, విశాఖపట్టణపు రేవు పరిసరములలోని మరమ్మతు షెడ్డులయందుగాని, ఏ చిన్న పట్టణపు శివారున నున్న వెల్డింగు దుకాణమునందుగాని, రెండు చక్రముల బండిమీద గొలుసుచే బిగింపబడి ప్రక్కప్రక్కన నిలిచియుండు రెండు సిలిండరులను చూడనివారు అరుదు. సన్నగా పొడవుగా నల్లరంగు పూయబడినది ప్రాణవాయువును, పొట్టిగా లావుగా మెరూన్ రంగుతో నున్నది ఎసిటిలీను వాయువును మోయుచుండును. వీనిని గూర్చి పనివారు పాటించునవియు, పాటింపవలెనని గోడమీద వ్రాయబడి పాటింపబడనివియు నగు నియమములు పెక్కు కలవు. ఒకదానిని పండబెట్టరాదు, రెండవదానికి చమురు సోకరాదు. ఒకదాని మర ఎడమకు తిరుగును, రెండవదాని మర కుడికి తిరుగును. ఒకదానినుండి వాయువును త్వరత్వరగా లాగరాదు. రెండవదాని వాల్వును త్వరగా తెరవనేరాదు. కారణమెరుగనివానికి ఇదియంతయు మడియాచారమువలె తోచును. పెద్దలు చెప్పిరి కావున చేయుదము, ఎవరును చూడనప్పుడు మానుదము అనిపించును. కాని యీ నిషేధములలో ఒక్కొక్కదాని వెనుక ఒక ప్రయోగశాలయో, ఒక విస్ఫోటనమో, ఒక మనుష్యుని కన్నులో ప్రాణములో కలవు. ఆ వృత్తాంతము తెలిసినవాడు నియమమును మీరుటకు రెండుమారులు ఆలోచించును.

పూర్వము మన గ్రామములలో రెండు ఇనుపముక్కలను ఏకము చేయవలసివచ్చినచో, కమ్మరి వానిని కొలిమిలో తెల్లవేడి వచ్చువరకు కాల్చి, పైని ఇసుక చల్లి, దాగలిమీద నుంచి సమ్మెటతో మోదెడివాడు. ఆ వేడికి ఇసుక ఇనుముపై నేర్పడిన పొలుసుతో కలిసి కరిగి, దెబ్బదెబ్బకును చిట్టెముగా వెలికి జారిపోగా, శుద్ధమైన లోహము లోహముతో అంటుకొనెడిది. ఆ పనిలో అపాయము లేకపోలేదు గాని అది కంటికి ఎదురుగా నుండెడిది: నిప్పు కనబడును, వేడి తగులును, రవ్వ ఎటు ఎగిరినదో తెలియును. సిలిండరు వచ్చిన పిమ్మట అపాయము చల్లనై, మౌనమై, రంగు పూసిన ఉక్కు చాటున దాగెను. చేతివృత్తుల చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు; చూపును నమ్ముకొని పనిచేయు అలవాటు గలవారు, చూపునకు అందనిదానిని నియమములద్వారా మాత్రమే ఎరిగి వర్తింపవలసివచ్చెను.

ఎసిటిలీను కథ 1836లో ఐర్లండునందు ఆరంభమగుచున్నది. సుప్రసిద్ధుడైన హంఫ్రీ డేవీకి బంధువగు ఎడ్మండ్ డేవీ పొటాషియము లోహమును తయారుచేయు ప్రయత్నములో ఒక నల్లని అవశేషమును పొందెను. అది నీటితో కలిసి ఒక క్రొత్త వాయువును విడిచినది. ఆ వాయువు మిక్కిలి కాంతివంతముగా మండుటను గమనించి, చవుకగా దొరికినయెడల దీపములకు పనికివచ్చునని ఆయన సూచించెను. చవుకగా దొరకుటకు మరి అరువది సంవత్సరములు పట్టినది. 1860 ప్రాంతమున ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు బెర్తెలో దీనిని తిరిగి కనుగొని ఎసిటిలీనను పేరు పెట్టెను. 1862లో జర్మనీయందు వోలరు కాల్షియము కార్బైడును నీటిలో వేసి అదే వాయువును రాబట్టెను. ఇవన్నియు పండితుల సంగతులు. కార్ఖానాకు చేరినవి కావు.

కార్ఖానాకు చేర్చినది ఒక పొరపాటు. అమెరికాలోని ఉత్తర కరొలైనా రాష్ట్రమున స్ప్రే అను చిన్న ఊరిలో, థామస్ విల్సన్ అను కెనడా దేశీయుడు విద్యుత్ కొలిమి సాయమున అల్యూమినియమును చవుకగా తీయవలెనని పట్టుదలతో నుండెను. అందులకు కాల్షియము లోహము కావలసివచ్చి, 1892 మే 2వ తేదీన సున్నమును తారును కలిపి కొలిమిలో కాల్చెను. లోహము రాలేదు, నల్లని పెళుసు గడ్డ వచ్చినది. దానిని నీటిలో వేయగా వాయువు బుసబుస పొంగినది. విల్సన్ ఎదురుచూచిన లోహమే అయినచో ఆ వాయువు హైడ్రోజను కావలెను, దాని మంట వెలవెలబోయి మసి లేక యుండవలెను. ఇది మాత్రము మసిగ్రక్కుచు ధగధగ మండెను. అల్యూమినియము మాట వెనుకబడెను, కార్బైడు పుట్టెను. రాయివలె డబ్బాలలో మోసికొని పోదగినదియు, నీటిచుక్క తగిలినంతనే దీపమగునదియు నైన యీ పదార్థము సైకిళ్లకు, మోటారుబండ్లకు, గనిలో దిగు కూలీల టోపీలకు కొన్ని సంవత్సరములలోనే వెలుగునిచ్చెను. మన దేశమునను రాత్రివేళ సంతలలోను తిరునాళ్లలోను కార్బైడు దీపములు వెలిగిన కాలమొకటి కలదు. వానినుండి వచ్చు వెల్లుల్లివంటి వాసన కార్బైడులోని మలినములవలన పుట్టునదియేగాని శుద్ధ ఎసిటిలీనుది కాదు. ఆ కార్బైడునే మామిడికాయల మాగపెట్టుటకు వాడు దుష్టాచారము తరువాతి కాలమున మన మార్కెట్టులలో ప్రవేశించి, చట్టము నిషేధించినను వేసవి వేసవికిని తల యెత్తుచునే యున్నది. అది వేరొక వ్యాసమునకు విషయము.

కార్బైడునుండి నీటితో వాయువును అప్పటికప్పుడు పుట్టించుకొనుటకంటె, దానిని ముందుగనే సిలిండరులలో నింపి అమ్మిన బాగుండునని కొందరికి తోచుట సహజమే. ఇతర వాయువులను అణచి ద్రవముగా మార్చినట్లే ఎసిటిలీనును కూడ మార్చవచ్చునని స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు పిక్టే ప్రభృతులు ద్రవ ఎసిటిలీను వ్యాపారమునకు పూనుకొనిరి. 1896వ సంవత్సరము వారి ఆశలను భస్మము చేసినది: ఒకే యేట పారిసులోను బెర్లినులోను ద్రవ ఎసిటిలీను ప్రేలి మనుష్యులు మరణించిరి. జనులు దిగ్భ్రాంతులైరి, ఏలయనగా అక్కడ నిప్పు లేకపోయినను, గాలి చేరకపోయినను ప్రేలుడు సంభవింపవచ్చునని తేలినది. ఆ సంవత్సరముననే బెర్తెలో, ఆయన సహచరుడు వియే ఈ రహస్యమును పరీక్షలతో విప్పిరి. ఎసిటిలీను తన యందు వేడిమిని ఇముడ్చుకొని పుట్టిన వాయువు. విడిపోవునప్పుడు ఆ వేడిమిని తిరిగి కక్కును. సాధారణ పీడనమున ఈ విచ్ఛిన్నత ఒకచోట మొదలైనను అక్కడనే చల్లారును. పీడనము సుమారు రెండు వాతావరణములను మించినచో ఒక కొననుండి మరియొక కొనకు నిప్పువలె ప్రాకి, పాత్రలోని పీడనమును క్షణములో పదిరెట్లకు పైగా పెంచి, ఉక్కును చీల్చును. నేటికిని వెల్డింగువాని రెగ్యులేటరుపై ఎసిటిలీను ముల్లును చదరపు సెంటీమీటరునకు ఒక కిలోగ్రామునకు ఎగువకు పోనీయరాదని గీయబడిన ఎర్రగీత ఆ సంవత్సరపు శవముల సాక్ష్యముతో గీయబడినదే.

అట్లయిన నేటి మెరూన్ సిలిండరులో పదునైదు పదునారు వాతావరణముల పీడనమున ఎసిటిలీను ఎట్లు నిలుచుచున్నది? ఇచ్చటనే యీ చరిత్రలోని సొగసంతయు కలదు. 1896-97 ప్రాంతమున జార్జ్ క్లోద్, ఆల్బర్ట్ హెస్ అను ఇద్దరు ఫ్రెంచివారు ఎసిటిలీను ఎసిటోను ద్రవములో విస్తారముగా కరగునని కనిపెట్టిరి. సాధారణ పీడనమున ఒక లీటరు ఎసిటోను సుమారు ఇరువదియైదు లీటరుల వాయువును త్రాగును. పీడనమును పండ్రెండు వాతావరణములకు పెంచినచో మున్నూరు లీటరులవరకును పట్టుకొనును. కరగియున్న ఎసిటిలీను శాంతించును. కాని వాయువు కరగినకొలది ద్రవము ఉబ్బును, వాడినకొలది తగ్గును. కావున సిలిండరు పైభాగమున ఎప్పుడును కొంత చోటు ఖాళీగా నుండి, అందు కరగని వాయువు పీడనముతో చేరియుండును. అది ప్రేలినచో ద్రవములోని వాయువును కూడ ప్రేల్చును. ఈ చోటును లేకుండ చేయుటకు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు లె షాతెలియే ప్రభృతులు మరియొక ఉపాయము పన్నిరి. సిలిండరు లోపలంతయు సూక్ష్మరంధ్రములుగల పదార్థమును కూర్చి, ఎసిటోనును ఆ రంధ్రములలో ఇంకింపజేసిరి. వెంట్రుకవాసియంతటి సందులలో మంట తన వేడిమిని గోడలకు పోగొట్టుకొని ఆరిపోవును, ముందుకు ప్రాకజాలదు. కావున మెరూన్ సిలిండరు లోపల బోలు లేదు. అది నీటిని పీల్చిన ఇటుకవలె నిండియున్నది.

ఈ పదార్థమే కథకు కీలకము, దానితోడనే గుస్తాఫ్ డాలేన్ పేరు ముడివడియున్నది. స్వీడను దేశీయుడైన ఈ ఇంజనీరు పనిచేసిన సంస్థ సముద్రతీరములందలి దీపస్తంభములను ఎసిటిలీనుతో వెలిగించు పనిని చేపట్టెను. నడుమనున్న చిక్కు ఏమనగా, అంతవరకు వాడిన సచ్ఛిద్ర పదార్థములు రైలుబండ్లలోను ఓడలలోను కుదుపులకు నలిగి పొడియై, క్రిందికి దిగి, పైన మరల బోలును మిగిల్చెడివి. అనగా అపాయము వెళ్లిన త్రోవనే తిరిగివచ్చెడిది. డాలేన్ పలు పదార్థములను మేళవించి, ఎంత కుదిపినను నలగని ఒక ముద్దను 1906లో సిద్ధముచేసెను. సిలిండరును ఎత్తి పడవేయరాదను నియమమునకు ఇది ఒక పెద్ద కారణము: పైని ఉక్కు చెక్కుచెదరకున్నను లోని ముద్ద పగులవచ్చును; అది కంటికి కనబడదు, చేతికి తెలియదు. పిదప ఆయన సూర్యుడు ఉదయించినంతనే దీపమును తానుగా ఆర్పివేసి, చీకటి పడినంతనే తెరచుకొను వాల్వును నిర్మించెను; దానివలన ఏకాంత ద్వీపములమీది దీపములు నెలల తరబడి మనుష్యుడు లేకుండనే వెలుగగలిగెను. 1912 సెప్టెంబరులో, సిలిండరులకు నిప్పంటుకొనినచో ఏమగునో తెలిసికొనవలెనని పరీక్షలు జరుపుచుండగా ఒక సిలిండరు ప్రేలి ఆయన రెండు కన్నులును పోయినవి. కొన్ని వారములకే ఆ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకు ప్రకటింపబడెను. దానిని స్వీకరించుటకు ఆయన వెళ్లలేకపోయెను. నేత్రవైద్యుడైన సోదరుడు ఆల్బిన్ ఆయన బదులుగా వెళ్లెను. సముద్రమున పోవువారికి వెలుగు చూపినవాడు తాను చీకటిలో మిగిలెనని వ్రాయుట సులభమే గాని, డాలేన్ జీవితము ఆ వాక్యమునకు లొంగదు: అంధుడైన పిదప ఇరువదియైదేండ్లు, 1937లో తాను మరణించువరకు, ఆయన ఆ సంస్థను నడిపెను, క్రొత్త యంత్రములను నిర్మించుచుండెను.

ఇక నల్లని సిలిండరు. ప్రాణవాయువు తానుగా మండదు, తానుగా ప్రేలదు; అయినను అనుభవజ్ఞులు దీనికే ఎక్కువ భయపడుదురు. లండనులో బ్రిన్ సోదరులు 1886లో స్థాపించిన సంస్థ బేరియము ఆక్సైడును వేడిచేసి గాలినుండి ప్రాణవాయువును పీల్పించి మరల విడిపించు పద్ధతిని అవలంబించెను. అప్పటి కొనుగోలుదారులలో నాటకశాలలవారును, దీపచిత్రములను చూపువారును ముఖ్యులు. సున్నపుగడ్డను ప్రాణవాయు జ్వాలలో కాల్చిన వచ్చు ధవళకాంతి వారికి కావలెను. సిలిండరులు లేని రోజులలో రబ్బరు సంచులలో వాయువును నింపి, పలకల నడుమ నుంచి, పైని బరువులు పెట్టి నొక్కి ప్రయోగించెడివారు. ప్రేక్షకులు క్రింద కూర్చుండగా ఆ సంచులు తెరచాటున ఉబ్బి యుండుట తలచుకొన్నచో నేటికిని ఒడలు జలదరించును. అతుకులేని ఉక్కు గొట్టములను చేయు విద్య జర్మనీలో మానెస్మన్ సోదరులవలన 1880 దశకమున అలవడుటచే, నూరు వాతావరణములకు మించిన పీడనమును భరించు సిలిండరు సాధ్యమైనది. ఆపైని జర్మన్ ఇంజనీరు లిండే 1895లో గాలిని ద్రవముగా మార్చి, 1902లో ఆ ద్రవమునుండి ప్రాణవాయువును వేరుచేయు పద్ధతిని సాధింపగా, ప్రాణవాయువు సులభమైన సరకయ్యెను. ఎసిటోను రహస్యము కనిపెట్టిన జార్జ్ క్లోదే ఆ 1902లోనే ఫ్రాన్సున ద్రవవాయు వ్యాపారమునకు పునాది వేసెను. ఈ జంటలోని రెండు సిలిండరులకును ఒకే మనుష్యుని చేతిముద్ర తగిలియుండుట చరిత్రలోని ఒక వింత.

నిండు సిలిండరులో ప్రాణవాయువు చదరపు సెంటీమీటరునకు 150 కిలోగ్రాముల పీడనముతో నుండును. అట్టి స్థితిలో గ్రీజుగాని, నూనెగాని, చమురు చేతి మరకగాని నిప్పు అక్కరలేకయే అంటుకొనగలదు. వాల్వును ఒక్కపెట్టున తెరచినచో ఎదుటి గొట్టములో నిలిచిన వాయువు హఠాత్తుగా అణగి, ఆ అణగుటచేతనే కాగిపోవును. అక్కడ చమురుబొట్టున్నచో రెగ్యులేటరు ప్రేలును. మోటారు మరమ్మతు చేయువాడు ప్రతిదినమును చమురులో చేతులు ముంచువాడు. గట్టిగానున్న మరకు చమురు వేయుట వానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఒక వృత్తిలో సద్గుణమైనది మరొక వృత్తిలో మృత్యుహేతువగుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు కనబడలేదు. ఇంధనవాయువునకు ఎడమ మరయు, ప్రాణవాయువునకు కుడి మరయు నియమించినవారు మనుష్యుని తొందరపాటును ఎరిగినవారు: తెలియక కలుపబోయినను గొట్టములు కలియవు.

ఈ రెండింటిని ఒక జ్వాలగా కలిపినచో ఏమగునో 1895లోనే లె షాతెలియే తెలిపియుండెను. ఆ జ్వాల మూడువేల డిగ్రీలను మించి, అంతకుముందున్న అన్ని జ్వాలలకంటె వేడిగా నుండునని ఆయన లెక్కవేసెను. ఇనుము కరగుటకు దానిలో సగము చాలును. 20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫూషే, పికార్ అనువారు చేతిలో ఇముడు టార్చిని నిర్మింపగా గ్యాస్ వెల్డింగు వృత్తిగా రూపొందినది.

మన దేశమునకు ఈ వృత్తి వ్యవస్థితముగా వచ్చినది కలకత్తా మార్గముననే. బ్రిన్ సోదరుల సంస్థ బ్రిటిష్ ఆక్సిజన్ కంపెనీగా మారి, దాని శాఖవలె ఇండియన్ ఆక్సిజన్ అండ్ ఎసిటిలీన్ కంపెనీ 1935లో ఏర్పడెను. నల్లరంగు, మెరూన్ రంగు అను సంకేతములును బ్రిటిషువారి వాడుకనుండి దిగినవే. వారు తరువాత ఐరోపా పద్ధతి ననుసరించి ప్రాణవాయు సిలిండరు భుజమునకు తెలుపు పూసికొనిరి గాని, మన వెల్డింగు దుకాణములలో నలుపు నలుపుగనే నిలిచినది. ప్రభుత్వము 1884 నాటి ప్రేలుడు పదార్థముల చట్టము క్రిందికి వాయుపూరిత సిలిండరులను తెచ్చి, 1940లో గ్యాస్ సిలిండర్ల నిబంధనలను ప్రకటించెను. అవి 1981లోను, 2004లోను, 2016లోను తిరిగి వ్రాయబడినవి. విశాఖపట్టణమున 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణశాలనుండి 1948 మార్చి 14న జల ఉష అను ఓడ నీటిలోనికి దిగుసరికి, ఉక్కురేకును జ్వాలతో కోయుట తెలుగు తీరమున క్రొత్త సంగతిగా మిగిలియుండదు.

ఆ గ్యాస్ సిలిండర్ల నిబంధనలు చదువదగినవి. సిలిండరులను జారవిడుచుటయు, పడవేయుటయు, వానితో ఆటలాడుటయు నిషిద్ధమని వానిలో కలదు. ఆటలాడుట అని ప్రత్యేకముగా వ్రాయవలసివచ్చినదన్న ఎవరో ఆడియుండిరనియే కదా. వాల్వులకు చమురు రాయరాదు. సైకిలుమీదను, మోటారు సైకిలుమీదను మోయరాదు. నిల్వచేయు చోటు చల్లగా, పొడిగా, గాలి ఆడునట్లు, నిప్పునకు ఆవిరిగొట్టములకు దూరముగా నుండవలెను. మండు వాయువుల సిలిండరులను తక్కినవానినుండి తగినంత దూరముతోగాని అడ్డుగోడతోగాని వేరుచేయవలెను. నిండినవానిని ఖాళీవానిని కలిపి యుంచరాదు. ఎసిటిలీను సిలిండరులను పండబెట్టి పేర్చరాదు. ఈ కడపటిదానికి కారణము పైని కథలోనే యున్నది: పండబెట్టినచో ఎసిటోను వాయువుతోకూడ గొట్టములోనికి వచ్చును, సిలిండరు తన శాంతిమంత్రమును పోగొట్టుకొనును. త్వరగా లాగినను అదియే జరుగును. అందుచేతనే గంటలో అయిదవవంతునకు మించి తీయరాదందురు. పండబెట్టి తెచ్చినదానిని నిలువబెట్టి కొన్ని గంటలు ఆగవలెను. ఆగువారు తక్కువ.

ఇక ఆచరణ సంగతి. లారీమీదినుండి సిలిండరును పాత టైరుపైకి దొర్లించి దింపుట మన పట్టణములలో నిత్యము కనబడు దృశ్యము. టైరు ఉక్కును కాపాడవచ్చును గాని వాల్వును కాపాడునను హామీ లేదు. మూతలేని ప్రాణవాయు సిలిండరు మెడ విరిగినచో, 150 కిలోగ్రాముల పీడనము వెలువడు వేగమునకు ఆ ఉక్కు తారాజువ్వయై గోడలను చీల్చుకొని పోవును. వాల్వుపై నుండవలసిన ఇనుపమూత ఏ దుకాణములోనో మేకులు పోసికొను గిన్నెయై యుండుట నేను చూచితిని. ఖాళీ అయినదని వాల్వు మూయకుండ విడిచిన ఎసిటిలీను సిలిండరు ఎండ ఎక్కినకొలది మిగిలిన వాయువును వదలుచుండును. నూరుపాళ్ల గాలిలో రెండున్నర పాళ్లు చేరిన చాలు, అది అంటుకొనును. కార్బైడు డబ్బాలను ఉలి సుత్తెలతో తెరచుటయు అట్టిదే: లోని తేమకు పుట్టిన వాయువు మూత క్రింద కాచుకొనియుండును, ఉలిరవ్వ దానికి పిలుపు. కార్బైడును నీటిలో వేసి అక్కడికక్కడ వాయువును తీయు ఇనుపడబ్బాలు వీధి వెల్డింగువారి చేతులలో చిరకాలము బ్రతికినవి, నేటికిని పూర్తిగా పోలేదు. సిలిండరు కొనలేని పేదరికమే వానిని బ్రతికించినది గనుక వానిని నడుపువారిని నిందించుట సుఖాసీనుల పని.

ఇటీవలి దశాబ్దములలో కోతపనికి ఎసిటిలీనునకు మారుగా వంటగ్యాసు జాతి వాయువు వచ్చిచేరినది. దాని జ్వాల ఉక్కును అతుకుటకు చాలినంత అనుకూలము కాకున్నను, కోతకు ముందు రేకును ఎర్రగా కాల్చుటకు చాలును, ధర తక్కువ, ఎసిటోను లేదు, ముద్ద లేదు, తనంతట తాను ప్రేలు స్వభావమును లేదు. కాని దాని గుణము ఎసిటిలీనునకు తలక్రిందులు. ఎసిటిలీను గాలికంటె కొంచెము తేలిక కావున పైకప్పుదగ్గర రంధ్రములుంచి షెడ్డులు కట్టిరి. ఇది గాలికి ఒకటిన్నర రెండురెట్లు బరువు. కారినచో నేలబారున ప్రాకి, మురుగుకాలువలలోను, లారీల క్రింద దిగి పనిచేయుటకు త్రవ్విన గుంతలలోను చేరి నిలుచును. దీనికి నేలమట్టముననే గాలిత్రోవలు కావలెను. పైని రంధ్రములతో ఎసిటిలీను కాలమున కట్టిన షెడ్డులలోనే, ఆ గుంతల ప్రక్కనే, ఈ క్రొత్త సిలిండరులు నేడు పెక్కుచోట్ల నిలువబడియున్నవి.